విప్పని పెట్టెలు

షార్జా రోలాలో మేముండే ఫ్లాట్‌లో రెండో గదిలోకి నాలుగేళ్ల క్రితం ఒక కుటుంబం దిగింది. వాళ్ల దేశంలో తిరుగుబాటుదారులు ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆ ఇంటాయన అక్కడ అధ్యక్షుడి కొలువులో పెద్ద అధికారి. ఇక్కడ సూపర్‌మార్కెట్లో సెక్యూరిటీ గార్డు.

“ఆర్నెల్లలో వాళ్ల పని ఖలాస్, భాయ్! మేం వెళ్లిపోతాం” అని హిందీలో నాకు హామీ ఇచ్చేవాడు. అందుకని సూట్‌కేసులు సర్దినవి సర్దినట్టే ఉంచాడు. పిల్లలు యూనిఫాం అందులోంచే తీసి, మళ్లీ అందులోనే మడతపెట్టేవారు. ఎవరైనా వస్తే ఆయన భార్య వాటిమీదే దుప్పటి పరిచి కూర్చోబెట్టేది. గోడకెక్కింది ఒక్క అధ్యక్షుడి ఫొటోనే. తనకు మాటమాత్రమైనా చెప్పకుండా విమానమెక్కేసిన ఆ మహానుభావుడికి రోజూ సెల్యూట్ కొట్టి మరీ డ్యూటీకి వెళ్లేవాడు. పిచ్చిమాలోకం అని నేనూ మా ఆవిడా తలుపేసుకుని నవ్వుకునేవాళ్లం.

మొన్న నల్లుల మందు కొట్టేవాళ్లు సామానంతా హాల్లో పెట్టమన్నారు. మా మంచం కిందనుంచి సీలింగ్ ఫ్యాను, మిక్సీ, డిన్నర్ సెట్టు డబ్బాలు బయటికొచ్చాయి. వచ్చే ఏడాది ఊరెళ్లిపోతాం కదా అని తొమ్మిదేళ్లుగా కొని దాచినవి. ఒక్కదానికీ టేపు ఊడలేదు.

ఆయన వాటిని తన సూట్‌కేసుల పక్కన పేర్చి, ఎంతో జాలిగా నా భుజంమీద చెయ్యేశాడు.

“మీ దేశంలో ఏ తిరుగుబాటు వచ్చింది, భాయ్?”