నన్ను నిరుద్యోగిగా రాయించిన మా అత్త

నన్ను నిరుద్యోగిగా రాయించింది మా అత్త. అందుకు ఆవిడకు రుణపడి ఉన్నానంటే మా బడిలో తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ.

భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. మా ఆయన వేటకెళ్తాడు, అత్త గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతుంది. బీఎస్సీ, బీఈడీ చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. టీచరు పోస్టుల పరీక్ష రెండోసారి కూడా పోయాక పుస్తకాలన్నీ పాత చీరలో మూటకట్టి అటకెక్కించేశాను. ఎవరైనా ఏం చేస్తున్నావంటే "ఇంటి పనే" అనేదాన్ని. ఆ మాటలో సుఖం ఉంది. ఎవరూ మరో ప్రశ్న వేయరు.

ఒక ఉదయం ఉద్యోగాల సర్వే చేసే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. అత్త అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. నా వంతు రాగానే అలవాటైన మాటే చెప్పాను.

"పని కోసం వెతకడం లేదా మేడమ్?"

"లేదు."

"అయితే మీరు నిరుద్యోగుల్లోకి రారు. వెతుకుతున్నవాళ్లనే ఆ లెక్కలో వేస్తాం."

ఆ ముద్ర తప్పినందుకు హాయిగానే అనిపించింది. అత్త చేట పక్కన పెట్టింది.

"ఆగమ్మా, అలగ రాయకు. ఎతుకుతన్నాది."

"ఎక్కడ వెతుకుతున్నాను అత్తా?"

"మొన్న మందులకని సీపురుపల్లి ఎల్లనేదేటి? ఇక్కడ మందుల కొట్టుండగా అంత దూరం ఎవులెల్తారే?"

దొంగ దొరికిపోయినట్టయింది నా పని. అక్కడ ఒక ప్రైవేటు బడిలో ఖాళీ ఉందని విని వెళ్లాను. లేదన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"వెళ్తే మాత్రం? ఉద్యోగం రాలేదుగా!" అన్నాను ఉక్రోషంగా.

"ఒసే, నీ మొగుడు ఉత్త వలతో ఒడ్డుకొస్తే ఏటకెల్లనేదంటామేటి? సేప పడినా పడకపోయినా ఏట ఏటే. నువ్వు రాసుకోమ్మా."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. తలూపాను. నేనింకా ఓడిపోలేదని నాకంటే ముందు అత్తకే తెలుసు. లోపలికి వెళ్లి తనివితీరా ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి అత్త స్టూలెక్కి మూట దించుతోంది. చేతులైనా కడుక్కోలేదు. ఆ పుస్తకాలకు చాన్నాళ్లు ఎండుచేపల వాసన వదల్లేదు.

ఇప్పుడు పక్క మండలంలో లెక్కలు చెబుతున్నాను. మన జిల్లాల నిరుద్యోగం లెక్కలు పేపర్లో వచ్చినప్పుడల్లా స్టాఫ్ రూములో అందరూ అయ్యో అంటారు. నాకు మాత్రం ఆ అంకెలో ఇంకా వల వదలనివాళ్లు కనబడతారు. పుస్తకాలు అటకెక్కించి "ఇంటి పనే" అంటున్నవాళ్లు అందులో లేరు. అరసవల్లి గుడికి వెళ్లినప్పుడు వాళ్లకోసమే దండం పెట్టుకుంటాను, మా అత్తలాంటి అత్త దొరకాలని.