మొగులమ్మ చెయ్యి పెట్టిన డ్రమ్ములు

మా లక్డారంలో నీలం డ్రమ్ము లేని ఇల్లు లేదు. కంపెనీలకు రసాయనాలు మోసుకొచ్చిన డ్రమ్ములే తుక్కు దుకాణాల మీదుగా మా ఇళ్లకు చేరతాయి. నీళ్లకు అవే, బియ్యానికి అవే. అందుకే ఆ వానాకాలం వాగు పొంగి, ఎగువన ఎవరిదో తుక్కు గోదాం గోడ కూలి, డ్రమ్ములు బాతుల్లా తేలుతూ ఊళ్లోకి వస్తే మాకు భయం వేయలేదు. మోకాలి లోతు నీళ్లలో బియ్యం, బట్టలు, ఇంట్లో డ్రమ్ములు అన్నీ పోయిన రోజు అది. పోయినవాటికి బదులు ఇవైనా దక్కాయనుకుని ఎగబడి పట్టుకున్నాం.

ఎగబడినవాళ్లలో నేనూ ఉన్నాను. అంగన్‌వాడీ టీచర్ని, నలుగురికీ శుభ్రం గురించి పాఠాలు చెప్పేదాన్ని. ఊరికంతటికీ పెద్ద డ్రమ్ము నాకే దొరికిందని మురిసిపోయి, సబ్బుపొడి వేసి రెండుసార్లు కడిగాను.

మూడో రోజు పొద్దున మొదటి ట్యాంకర్ వచ్చింది. బోర్లన్నీ బురద కక్కుతున్నాయి కాబట్టి ఊరందరికీ ఆ నీళ్లే దిక్కు. నా డ్రమ్ము అంచుదాకా నింపుకున్నాను. ఇరవై రెండు మంది పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసగా కూర్చున్నారు. కిచిడీకి బియ్యం కడుగుదామని చెంబు ముంచబోతుంటే మొగులమ్మ వచ్చింది.

మొగులమ్మను ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. యాభై దాటిన ఒంటరి మనిషి. బొల్లారంలో ఒక తుక్కు యార్డులో పద్దెనిమిదేళ్లు పాత డ్రమ్ములు కడిగింది. కడిగి కడిగి ఆమె అరచేతులు ఎండిన మడిలా పగిలిపోయాయి. ఆ చేతులతో ఇచ్చిన బెల్లం ముక్కను నేనొకసారి తీసుకుని, ఆమె అటు తిరగగానే పారేశాను కూడా. ఆ రోజు ఆమె వెనక గడ్డపార పట్టుకుని హమీదున్నీసా ఉంది. బట్టలు కుట్టి బతికే మనిషి. మిషన్ వరదలో మునిగితే ఏడుస్తూ కూర్చోకుండా పొద్దుటి నుంచి మొగులమ్మ వెంట తిరుగుతోంది.

మొగులమ్మ ఒక్క మాటైనా అడగకుండా కొంగు దోపుకుని, నా డ్రమ్ములో భుజం దాకా చెయ్యి ముంచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తాగే నీళ్లల్ల చెయ్యి పెడ్తవా మొగులమ్మా? నీ చేతులు ఎట్లున్నయో సూసుకున్నవా?" అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని, అరచేతిని డ్రమ్ము లోపలి గోడకు మెల్లగా రుద్దింది. కాసేపు అలాగే ఉంచి చెయ్యి బయటికి తీసింది.

"పారబొయ్యి టీచరమ్మా. పోరగాండ్లకు తాపకు."

నేను వంగి వాసన చూశాను. ఏమీ తెలియలేదు. కంపెనీల గాలి పీల్చి పీల్చి మా ముక్కులకు ఆ రసాయనాల వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. రెండుసార్లు సబ్బుతో కడిగానని గట్టిగానే వాదించాను. ఆమె నా బొటనవేలు వంక చూసింది. ముందురోజు ఉల్లిగడ్డ కోస్తూ తెగిన గాటు అది. ఆ వేలే పెట్టి లోపలి గోడకు రుద్దమంది. పెట్టాను. ముందు చల్లగానే ఉంది. తర్వాత గాటులో కారం కూరినట్టు మంట పుట్టింది. వేలు లాక్కుని పిల్లల వరుస వంక చూశాను. ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

డ్రమ్ము వంచి నీళ్లు పారబోశాం. హమీదున్నీసా గడ్డపారతో దాని అడుగున చిల్లి పొడిచింది. ఇక నేనూ వాళ్ల వెంట నడిచాను. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పిలిచాం. మొగులమ్మ చెయ్యి పెడుతుంది, మండితే చిల్లి పడుతుంది. మండనిదాన్ని ఆడవాళ్లు బూడిదతో తోమి ఎండలో బోర్లిస్తారు. మగవాళ్లకు ఇది నచ్చలేదు. జంగయ్య అయితే తన డ్రమ్ము మీదెక్కి కూర్చుని, సున్నంతో గుర్తు పెడితే చాలదా, మంచి డ్రమ్మును పాడుచేయడమెందుకని తగువు పెట్టుకున్నాడు.

"సున్నం వానకు పోతది జంగన్నా, చిల్లి పోదు. నీకంత నమ్మకముంటే ముందుగాల నువ్వొక చెంబు తాగు" అంది మొగులమ్మ.

జంగయ్య కిందికి దిగాడు. గడ్డపార కూడా తనే అందుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా ఎర్రగా పొంగింది. ఎడమచెయ్యి మొదలుపెట్టింది. పిడికిలి మూయలేకపోతున్న ఆ చేతులను చూస్తూ ఉండలేక, "అక్కా, వాసన సూసి చెప్పరాదా?" అన్నాను. ఆమెను అక్కా అని పిలవడం నాకదే మొదటిసారి.

"ముక్కు పోయి తొమ్మిదేండ్లాయె. మల్లెపూలయినా పెండకుప్పయినా నాకొక్కటే. ఇగ ఈ చేతులే ఉన్నయి."

అంటే పొద్దుటి నుంచి ప్రతి డ్రమ్ములోనూ, మండవచ్చని తెలిసే చెయ్యి పెడుతోంది. ఏ గుడిలోనూ నేనంత భయభక్తులతో నిలబడలేదు. ఊళ్లో మొత్తం నలభై మూడు డ్రమ్ములు తేలాయి. నలభై మూడింటిలోనూ ఆమె చెయ్యి మునిగింది. పదిహేడింటికి చిల్లులు పడ్డాయి.

సాయంత్రం రెండో ట్యాంకర్ వచ్చింది. మంచి డ్రమ్ములను నాలుగిళ్లకొకటి చొప్పున పంచుకుని నింపుకున్నాం. ఒకటి అంగన్‌వాడీకి ఇచ్చారు. అప్పుడు కిచిడీ వండాను. పొద్దుటి నుంచి బిస్కెట్ల మీద ఉన్న పిల్లలు పళ్లేలు నాకి మరీ తిన్నారు. సర్కారు దవాఖానా నర్సు వచ్చి మందు పూస్తే, హమీదున్నీసా తన దగ్గర మిగిలిన జాకెట్టు గుడ్డలతో మొగులమ్మ రెండు చేతులకూ కట్లు కట్టింది.

గడపలో కూర్చున్న మొగులమ్మ ముందు పళ్లెం పెట్టాకగానీ ఆ కట్లతో ఆమెకు తినే వీల్లేదని నాకు తట్టలేదు. పక్కన కూర్చుని ముద్ద కలిపాను. నెయ్యి వాసనతో వీధంతా ఘుమఘుమలాడుతోంది. ఆమె ముద్ద వంక చూసి, ఏం వండావని అడిగింది.

"కిచిడీ, అక్కా. నెయ్యేసిన. పిల్లలందరు తిన్నరు."

"నీళ్లు ఏ డ్రమ్మువి?"

"నువ్వు చెయ్యి పెట్టిందే."

అప్పుడు నోరు తెరిచింది.