అత్త పెట్టిన పట్టకార్ల పరీక్ష

మా అత్త పోయింది. నాన్నకి అక్క, నాకు మేనత్త. మిరప కల్లంలో కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ, పక్కావిడ మీద ఏదో జోకు వేసి, అందరూ నవ్వుతుండగా వెనక్కి ఒరిగిందట. నవ్వు ఆపుకోలేక పడుకుందనుకున్నారట. నాన్న ఫోన్లో ఆ కబురు చెబుతుంటే నేను హాస్టల్ వరండాలో నిలబడి "ఊఁ" అన్నాను, అంతే. ఏడిస్తే అందరూ చుట్టూ చేరి ఏమైందని అడుగుతారు. నాకు చెప్పడమంటే భయం.

నాకు చాలా వాటికి భయం. మోటారు స్టార్టర్ చప్పుడుకి, గట్టిగా మాట్లాడేవాళ్ళకి, అన్నిటికన్నా ఎక్కువగా నాన్న ముందు నోరు విప్పడానికి. అత్తకి దేనికీ భయం లేదని రాయాలని ఉంది, కానీ ఇంజెక్షన్ సూది చూస్తే ఆవిడ మంచం కిందికి దూరేది. నేను చూశాను.

చిలకలూరిపేట అవతల మిరప, పత్తి వేసే ఊరు అత్తవాళ్ళది. మామయ్య నా చిన్నప్పుడే పోతే సేద్యం తనే చేసుకుంది. స్ప్రేయరు గానీ మోటారు గానీ మొరాయిస్తే ముందు తనే విప్పేది. విప్పినవి సగంసార్లు తిరిగి బిగించలేకపోయేది. అప్పుడు మెకానిక్‌ని పిలిచి, "ఎవరో విప్పి పోయారయ్యా, చూడు" అనేది. అతనికీ తెలుసు. ప్రతిసారీ "ఆ ఎవరో ఈసారి వాషర్ పోగొట్టారమ్మా" అనేవాడు.

పనిముట్లలో అత్తకి ఇష్టమైనది ఒకటుంది. బిగించి చెయ్యి తీసేసినా పట్టు వదలని పట్టకారు. పిడి చివర మర తిప్పితే దవడల మధ్య సందు మారుతుంది, పిడి నొక్కితే టక్కున లాక్ పడుతుంది. నేను లాకింగ్ ప్లయర్ అనేదాన్ని. అత్తేమో దాన్ని "మొండిది" అనేది. ఏటా ఒకటి పత్తి చేలో జారిపోయేది, ఏటా ఇంకోటి కొనేది. అదీ చవకదే. ఒకసారైనా మంచిది కొనచ్చుగా అంటే, "ఖరీదైంది కొంటే పెట్టెలో దాచుకుంటామే. చవకదైతే చేతిలో ఉంటది" అంది.

అలాగని ఏది పడితే అది కొనదు. మూడు చోట్ల మూడు తెచ్చి చూడాలి. పోయిన దసరా సెలవుల్లో నన్ను కూడా బస్సెక్కించుకుని పేటకి తీసుకెళ్ళింది. హార్డ్‌వేర్ కొట్లో ముందు పట్టకారు దవడలు మూసి ఎండకేసి పట్టింది. మధ్యలో వెలుతురు కనపడితే పక్కన పడేసింది. కీళ్ళ దగ్గర రివెట్టు కదులుతుందేమో ఊపి చూసింది. ఆ తర్వాత కొంగుముడి విప్పి ఎండుమిరపకాయలు తీసింది. పట్టకారుతో తొడిమ పట్టుకుని కాయని ఊపాలి. తొడిమ తెగితే మర సరిగ్గా పలకడం లేదన్నమాట, కాయ జారితే పట్టు లేదన్నమాట. ఆవిడ కాయ తర్వాత కాయ ఊపుతుంటే గింజలు రాలి, ఘాటు లేచి, కొట్టు గుమాస్తాతో సహా అందరూ తుమ్మారు.

"అమ్మా, పట్టకారు కొనడానికొచ్చావా, పచ్చడి నూరడానికొచ్చావా?" అన్నాడు కొట్టు యజమాని కళ్ళు తుడుచుకుంటూ.

"నీ పట్టకారు తొడిమనే పట్టలేకపోతే నట్టునేం పడతదయ్యా? పచ్చడికైనా ఆ కాయ పనికొస్తది" అంది అత్త.

నేను సిగ్గుతో మేకుల డబ్బాల వెనక నిలబడ్డాను. బస్సులో మాత్రం ఇద్దరం టికెట్ కూడా అడగలేనంతగా నవ్వాం.

ఇంటికొచ్చాక మూడూ అరుగు మీద పెట్టింది. అంతకుముందే ఫోన్లో నేను తెప్పించింది అద్దంలా మెరిసేది. తోపుడుబండి మీద కొన్నది బరువుగా ఉండి నమ్మకం కలిగించేది. కొట్లోది నల్లగా, రంగు కూడా సరిగా అంటకుండా, స్ప్రింగు కీచుమంటూ ఉండేది. తుప్పు పట్టిన నట్టు మీద ఒక్కోదాన్నీ బిగించి తిప్పాం. మెరిసేదాని పళ్ళు అరిగిపోయాయి, నట్టుకి గీత కూడా పడలేదు. బరువైనది లాక్ పడింది కానీ ఊడదీసేటప్పుడు మీట ఎగిరి అత్త అరచెయ్యి గిల్లింది. ఆవిడ దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నల్లది కీచుమంటూనే నట్టుని తిప్పేసింది.

లాక్ పడే చప్పుడుకి నేను ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. నా వల్ల కాదని లేచిపోబోతే అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"భయపడే చెయ్యే దీనికి కావాల్సింది. నాలాంటిది మర గబగబా తిప్పేసి బిగిస్తది, నట్టు నలిగిపోద్ది. నువ్వు కొంచెం తిప్పుతావు, చూస్తావు, మళ్ళీ కొంచెం తిప్పుతావు. పట్టు కుదిరేది అట్టాగేనే."

నా భయం పనికొస్తుందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఆ ధైర్యంతోనే, ఎవరికీ చెప్పని మాట ఆవిడకి చెప్పాను. పదో తరగతి అవగానే నాన్న నన్ను ఇంటర్ బైపీసీలో చేర్చాలనుకుంటున్నాడు, నాకేమో పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదవాలని ఉంది. నాన్నకి నువ్వే చెప్పవా అని బతిమాలాను. అత్త చాలాసేపు అరచెయ్యి ఊదుకుంది.

"నేను చెప్తే అది నా ముచ్చట అయిద్ది. నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా" అంది.

పక్కన నిలబడకుండానే వెళ్ళిపోయింది. పెద్దకర్మ అయిన మర్నాడే నాన్న నా కాలేజీ సీటు ఖాయం చేసుకు రావాలి. ఆ పదకొండు రోజులూ అత్త ఇంటినిండా చుట్టాలే. నేను మూలన కూర్చుని, చెప్పాల్సిన మాట మనసులో అనుకోవడం, మింగేయడం, అంతే.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక, మిరపకి ఒక తడి పెట్టకపోతే చివరి కోత చేతికి రాదని ఎవరో అన్నారు. నాన్న బోరు దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. అక్కడ పైపుకి నీళ్ళు వదిలే వాల్వు ఉంది, దాన్ని తిప్పే చక్రం ఎప్పుడో విరిగిపోయింది. మిగిలిన ఇనప కాడ మీద అత్త పట్టకారు బిగించి, దాన్నే పిడిలా తిప్పేది. నాన్న మోటారు వేసి, అత్త పనిముట్ల డబ్బాలోంచి మెరిసేది తీసి, బిగించి, ఒక్క ఊపు ఊపాడు. జారింది. ఇంకోసారి జారింది. ఆ కాడ ఇంకాస్త నలిగితే ఇక ఏ పట్టకారుకీ దొరకదు.

"నాన్నా, ఆగండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

డబ్బాలోంచి నల్లది తీశాను. మర కొంచెం తిప్పి చూశాను, మళ్ళీ కొంచెం తిప్పాను. నొక్కితే కీచుమని, టక్కున పడింది. ఈసారి ఉలిక్కిపడలేదని చెబితే అబద్ధమవుతుంది.

"ఎవరు నేర్పారే?" అన్నాడు నాన్న.

"అత్త." చెయ్యి పిడి మీదనుంచి తియ్యకుండానే మిగతాది కూడా చెప్పేశాను. "నాకు బైపీసీ వద్దు నాన్నా. మెకానికల్ డిప్లొమా చదువుతాను. అత్తకి తెలుసు."

నాన్న మెరిసేదాన్ని డబ్బాలో పడేశాడు. "అక్క నాకొక్క ముక్క చెప్పలేదే."

"నన్నే చెప్పమంది."

ఆ పదకొండు రోజుల్లో నాన్న మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "రేపు కాలేజీకి వెళ్ళనులే. ఆ పాలిటెక్నిక్ ఎక్కడుందో ఇద్దరం వెళ్ళి కనుక్కుందాం. ముందు నీళ్ళు వదులు" అన్నాడు.

తిప్పాను. పైపు దగ్గి, గాలి కక్కి, ఎర్రటి నీళ్ళు, ఆ తర్వాత తెల్లటి నీళ్ళు వదిలింది. నాన్న పంచె ఎగ్గట్టి, చెప్పులు గట్టు మీద వదిలేసి, నీళ్ళతోపాటే చేలోకి నడిచాడు. పండిన కాయల మధ్య సాలు తర్వాత సాలు తడిసి నల్లబడుతోంది. ఎక్కడినుంచో కొంగలు దిగి, పురుగుల కోసం నాన్న వెనకే బయల్దేరాయి. చేను చివరికి చేరాక నాన్న చిన్నగా కనపడ్డాడు. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని చెయ్యి పైకెత్తాడు. ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నా వైపు ఊపుతూ ఉన్నాడు.