పాత నీళ్ళ రుచి

నన్ను అందరూ కెమిస్టు అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు విన్నప్పుడల్లా లోపల ఉబ్బిపోయేవాణ్ణి. ములకలపల్లి వెళ్ళే రోడ్డు పక్కన, టేకు చెట్లు మొదలయ్యే చోట, రేకుల షెడ్లతో ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడక్కడ గోడలు కూడా లేవు. ఎనభైల్లో కొన్నేళ్ళు అందులో పనిచేశాను. అక్కడ పనిచేస్తూనే ఒక అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం వల్ల ఒక మనిషి చనిపోయాడు. ఆయన భార్య ఆ చావు తన వల్లే జరిగిందనుకుని ఏడేళ్ళు బతికింది. నేను ఒక్క మాట చెబితే ఆమె మీద ఆ బరువు ఉండేది కాదు. ఆ మాట నా నోట్లోంచి రాలేదు.

మేము తయారుచేసేది బేరియం క్లోరైడ్. చూస్తే కల్లుప్పు కంటే శుభ్రంగా, తెల్లగా మెరుస్తుంది, కానీ విషం. గుట్టల్లో తవ్విన ముగ్గురాయి, అంటే బేరియం ఉండే ఖనిజం, లారీల్లో వచ్చేది. దాన్ని పొడి కొట్టి, బొగ్గుపొడి కలిపి, కొలిమిలో ఎర్రగా కాలిస్తే నల్లటి బూడిద మిగిలేది. ఆ బూడిదని వేడినీళ్ళలో కలిపి, వడగట్టి, యాసిడ్ పోసేవాళ్ళం. అప్పుడు లేచే కంపు ఇంతా అంతా కాదు, కుళ్ళిన కోడిగుడ్ల కంపు. స్నానం చేసినా వదిలేది కాదు. బస్సెక్కితే కండక్టరు మా మొహం చూడకుండానే వెనక్కి పొమ్మనేవాడు. నేను పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను.

తేరిన నీళ్ళని పెద్ద పెద్ద కడాయిల్లో మరిగించి చల్లారబెడితే అడుగున పలుకులు కట్టేవి. పలుకులు తీసేశాక మిగిలిన నీళ్ళని పారబోయం, మళ్ళీ తర్వాతి వాయిలో కలుపుతాం. వీటినే కూలీలు పాత నీళ్ళు అనేవాళ్ళు. తిప్పిన కొద్దీ ఆ నీళ్ళలో మామూలు ఉప్పు, సున్నం లాంటి మలినాలన్నీ పోగుపడతాయి. ఒక దశ దాటాక ఇక పారబోయాల్సిందే. తొందరపడి పారబోస్తే సరుకు నష్టం, ఆలస్యం చేస్తే వాయి మొత్తం చెడి, కొన్నవాళ్ళు లారీని వెనక్కి పంపుతారు. ఎప్పుడు పారబోయాలో తేల్చడమే నా ఉద్యోగం. ల్యాబులో ఆ పరీక్షకి సగం రోజు పట్టేది. సల్ఫేటు వేసి విరగ్గొట్టాలి, వడగట్టాలి, కాల్చాలి, తూచాలి.

కడాయిల దగ్గర పనిచేసే ఆయనకి అప్పటికి యాభై దాటి ఉంటాయి. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి పక్కన చెరుకు వేశారు. ఈయన మీసాలు రాకముందు నుంచే బెల్లం వండాడు. బోర్లు ఎండి చెరుకు పోయాక, అడవి అంచున ఉన్న అత్తగారి ఊరికి మకాం మార్చి మా కడాయిల దగ్గర చేరాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. నేను చేరిన కొత్తలోనే ఒకరోజు చూశాను, చల్లారిన పాత నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద రాసుకుంటున్నాడు. గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"బాబాయ్, ఏంది ఆ పని? అది విషం."

"మింగుతనా ఏంది సారూ, ఊసేస్త గదా," అని నిజంగానే ఊసి, చెంబుతో నీళ్ళు పుక్కిలించాడు. "చేదు తగ్గి ఉప్పదనం ఎక్కుతుంది. ఇంకో రెండు వాయిలు తీసి పారబోయొచ్చు. కావాలంటే మీ గాజు బుడ్లల్ల చూస్కోండి."

పంతానికి చూశాను. నిజమే. ఒక నెల రోజులు ఆయన నాలుకకి, నా తూనికకి పోటీ పెట్టాను. ఒక్కసారి కూడా ఆయన తప్పలేదు. అప్పుడు నేను చేయాల్సిందేమిటి? ఆ అలవాటు మాన్పించడం. నేను చేసిందేమిటి? పరీక్ష మానేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మానేసి కుర్చీలో కూర్చుని వారపత్రికలు చదువుకున్నాను. బాబాయ్ వచ్చి "ఇంకొక్క వాయి" అంటే, నేను రిజిస్టరులో దానికి తగ్గ అంకె వేసి, చుక్క పెట్టి, చుక్క తర్వాత కూడా రెండంకెలు వేసేవాణ్ణి. కింద సంతకం. ఆ అంకెలు చూసి మేనేజరు నన్ను మెచ్చుకునేవాడు.

బాబాయికి మాత్రం అదొక గౌరవం. "నన్ను అడగందే మా చిన్నసారు చుక్క పారబోయనియ్యడు" అని ఊళ్ళో చెప్పుకునేవాడట. ఆయన భార్య నాతో అంది ఆ మాట. వాళ్ళిల్లు ఫ్యాక్టరీకి మైలు దూరంలోనే. ఎప్పుడెళ్ళినా ఆమె కంచం ముందు పెట్టకుండా పంపేది కాదు. ఆ చేతి వంటకి ఊళ్ళో పేరుంది. పెళ్ళిళ్ళకి కూడా ఆమెనే పిలిచి కూర కలిపించేవాళ్ళు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. గోదావరి పొంగి భద్రాచలం రోడ్డు తెగింది. మూడు రోజులుగా కరెంటు లేదు. చెరువులు అలుగెక్కి ఎక్కడ చూసినా చేపలే. ఆ రోజు పొద్దున బాబాయ్ తలకి తువాలు చుట్టుకుని, ముక్కు చీదుకుంటూ వచ్చాడు. పాత నీళ్ళు పారబోయాలా వద్దా అని మేనేజరు రెండుసార్లు కబురు పెట్టాడు. కరెంటు లేక ల్యాబులో పొయ్యి వెలగదు. వెలిగినా నేను వెలిగించేవాణ్ణి కాదనుకోండి.

బాబాయ్ వేలితో రాసుకుని తల అడ్డంగా ఊపాడు. "తెలుస్తలేదు సారూ. జలుబుకి నాలిక మొద్దుబారింది."

"ఇంకోసారి చూడు బాబాయ్," అన్నాను.

ఈసారి గరిటెతో తీసి నోట్లో పోసుకుని కాసేపు పట్టి ఉంచాడు. ఊసేశాడు. తెలియలేదన్నాడు. మళ్ళీ చూడమన్నాను. మూడోసారి గరిటె నిండా తీసుకున్నాడు. నోట్లో ఉండగానే దగ్గు వచ్చింది. ఆయన గొంతు కదలడం నేను కళ్ళారా చూశాను.

"మింగినవా?"

"కొంచెం జారింది. ఏం కాదులెండి," అని పుక్కిలించడానికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంకో వాయి తీయొచ్చు," అన్నాడు. నేను రిజిస్టరు తెరిచి అంకె వేశాను.

గంట తిరక్కుండానే వాంతులు. తర్వాత విరేచనాలు. కొలిమి దగ్గరి ఇద్దరు కూలీలు ఆయన్ని లారీలో ఎక్కించారు. నేనూ ఎక్కాను. పక్క ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు దవాఖానా ఉంది, ఆ వానలో అంతకు మించి పోలేం. దారిలో బాబాయ్ నా చెయ్యి పట్టుకుని, "పెదాలు తిమ్మిరెక్కుతున్నయ్ సారూ, కాళ్ళు నా మాట వింటలేవు," అన్నాడు. అదేమిటో నాకు తెలుసు. పుస్తకంలో చదువుకున్నాను.

డాక్టరు మంచివాడు. అడగాల్సినవన్నీ అడిగాడు. ఏం తిన్నడు, ఎప్పుడు తిన్నడు. కబురంది పరుగున వచ్చిన ఆయన భార్య తడిసిన చీరతోనే నిలబడి చెప్పింది. "రాత్రి చేపల కూర వండిన సారూ. అందరం తిన్నం. మిగిలింది పొద్దున వేడి చేసి ఆయన డబ్బాల కట్టిన."

"ఆ మిగిలిన కూర ఇంకెవరన్నా తిన్నరా?"

"లేదు. ఆయనొక్కడికే కట్టిన." చెబుతూ చెబుతూ ఆమె మొహం మాడిపోయింది. డాక్టరు నా వైపు తిరిగాడు. "మీ ఫ్యాక్టరీలో ఏమన్నా మందు గిట్ల మింగిండా?"

ఆ నెలలోనే నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. రిజిస్టరు నిండా నా చేతి అంకెలు. నాలుకతో చూసేవాడు అన్నానంటే, మరి నువ్వేం చేస్తున్నావు అంటారు. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. "లేదు సార్. మా దగ్గర అట్లాంటిదేం జరగదు," అన్నాను. బాబాయ్ మంచం మీంచి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. నేను చెప్పలేదంటే చెప్పాల్సిన అవసరం లేదనే అనుకుని ఉంటాడు. నా మీద అంత నమ్మకం ఆయనకి.

డాక్టరు సెలైను పెట్టాడు. నేను ఫ్యాక్టరీలో పనుందని చెప్పి వచ్చేశాను. ల్యాబులో తలుపేసుకుని కూర్చున్నాను. ఆ విషానికి విరుగుడు కోసం ఏ పుస్తకమూ తిరగేయక్కర్లేదు. నేను రోజూ చేయాల్సిన పరీక్షే అది. బేరియం కలిసిన నీళ్ళలో సల్ఫేటు వేస్తే పాలలా తెల్లగా విరిగి అడుక్కి దిగిపోతుంది, ఇక ఎవరికీ హాని చేయదు. కడుపులోనైనా అంతే. మందుల షాపుల్లో విరేచనాలకి అమ్మే ఎప్సమ్ సాల్టు చాలు. నా ల్యాబు అలమారలోనే ఒక డబ్బా ఉంది. నేను ఆ డబ్బా ఎదురుగా మధ్యాహ్నం మొత్తం కూర్చున్నాను. తగ్గిపోతుందిలే అని ఒకసారి, సెలైను పెట్టారుగా అని ఒకసారి నాకు నేనే చెప్పుకున్నాను. పిరికివాడికి సాకులు దొరకవా?

దీపాలు పెట్టే వేళకి ఇక కూర్చోలేక ఆ డబ్బా చొక్కాలో పెట్టుకుని వానలో నడిచాను. దారంతా డాక్టరుతో ఏం చెప్పాలో అనుకుంటూనే నడిచాను. ఉద్యోగం పోతే పోయింది, చెప్పేద్దామని అప్పటికి నిజంగానే గట్టిగా అనుకున్నాను. దవాఖానా అరుగు మీద ఆమె కూర్చుని ఉంది. పక్కన బాబాయ్. మొహం మీద తువాలు కప్పి ఉంది. ఊపిరి అందక పోయాడని కాంపౌండరు చెప్పాడు.

ఆమె నన్ను చూసి లేచింది. "నా చేతులతో కట్టిచ్చిన సారూ," అంది. నేను తలవంచుకుని నిలబడ్డాను.

ఊళ్ళోవాళ్ళు కూడా అదే అన్నారు. వరద చేపలు, నిలవ కూర, ఇంకేముంది అన్నారు. మొహం మీద అనలేదు గానీ ఆమెకి వినపడేట్టే అన్నారు. పెళ్ళిళ్ళకి ఆమెని వంటకి పిలవడం మానేశారు. నా ఉద్యోగం పర్మనెంటైంది. తర్వాత రెండేళ్ళకి ఫ్యాక్టరీయే మూతపడింది, నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఏటా బాబాయ్ పోయిన రోజుకి పళ్ళు తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళేవాణ్ణి. కోడలు చాయ్ తెచ్చేది. ఆమె ప్రతిసారీ ఆ కూర సంగతే ఎత్తేది. నేను ప్రతిసారీ "అట్లా అనుకోకండమ్మా," అనేవాణ్ణి. ఆ మాట అనగానే ఏదో పుణ్యం చేసినట్టు నాకు కాస్త తేలికయ్యేది. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఏడో ఏడు క్లాసులో ఆ పరీక్ష చేసి చూపిస్తున్నాను. గాజు గొట్టంలో తెల్లగా విరిగింది. ముందు బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "సార్, విరగకముందు తాగితే ఏమైతది?" అని అడిగింది. చనిపోతారన్నాను. "మరి తాగినంక ఇది కలిపిస్తే?" అంది. బతుకుతారన్నాను. ఆ పిల్లకి అర నిమిషంలో తట్టింది. పాఠం మధ్యలో ఆపేసి బయటికొచ్చాను. ఆ ఆదివారం బస్సెక్కాను.

ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను, నాలుక సంగతి, గరిటె సంగతి, డాక్టరు అడిగితే నేనన్న మాట. ఎక్కడా ఆపకుండా చెప్పాను. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు.

ఆమె చేతులు ఆగిపోయాయి. తర్వాత, "ఆ పొద్దు దవాఖానల చెప్తే బతికేటోడా?" అని అడిగింది.

"బతికేవాడమ్మా."

"అయితే కూర కాదా?"

"కాదు."

"నీకెట్ల ఎరుక? రెండూ అయ్యుండొచ్చు గదా?"

పైన రాసినదాంట్లో ఒకటి నేను దాచాను. రాయడానికి చెయ్యి రాలేదు. ఆమెకీ అప్పటిదాకా చెప్పలేదు. అప్పుడు చెప్పాను. "ఆ పొద్దున బాబాయ్ డబ్బాలోంచి నేనూ తిన్నానమ్మా. జలుబుకి ఆకలి లేదని సగం కూర నాకే పెట్టాడు. నాకేం కాలేదు."

ఆమె చింతపండు అంటిన వేళ్ళు చూసుకుంది. "నా మనవరాలికి ఆరేండ్లు," అంది. "ఇప్పటిదాంక ఒక్క ముద్ద నా చేత్తో పెట్టలే. దానికేమైతదోనని."

లోపలినుంచి కోడలు ఏదో అడిగింది. ఆమె అటు తిరగకుండా చింతపండు పక్కన పెట్టింది.

"ఎట్లుండె కూర?" అని నన్నే అడిగింది.

"బాగుందమ్మా. చాలా బాగుంది."

"గా ఒక్క మాటన్నా అప్పుడే చెప్పొద్దా బిడ్డా," అంది.