గట్టిగా మేడమ్ పెట్టిన టిక్కు

మా కాలేజీ స్కాలర్‌షిప్పు కౌంటర్లో ఇరవై రెండేళ్లు కూర్చున్న ఒకావిడ గురించి ఇది రాస్తున్నాను. కన్నవాళ్లు ఆవిడకు పెట్టిన పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. పిల్లలు ఆవిడను గట్టిగా మేడమ్ అనేవారు. ప్యూన్లూ అదే అనేవారు, లెక్చరర్లూ అదే అనేవారు. ఒకసారి ప్రిన్సిపాల్ గారు కూడా ఫోన్లో నోరు జారి, "గట్టిగా మేడమ్‌ని ఒకసారి పైకి రమ్మనండి" అన్నారు. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్లింది.

ఆ పేరు ఊరికే రాలేదు. స్కాలర్‌షిప్పు తీసుకునే ప్రతి విద్యార్థీ ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో పదకొండు రూళ్లు ఉంటాయి. ఇంకెక్కడైనా అయితే గుమాస్తా పెన్ను చేతికిచ్చి, ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అని వేలు చూపించి పంపేస్తాడు. ఈవిడ దగ్గర ఆ పప్పులు ఉడకవు. పదకొండు రూళ్లూ ఆవిడ ఎదురుగా నిలబడి పైకి చదవాలి. గొణిగితే ఒప్పుకోదు. "గట్టిగా" అంటుంది. ఇంకా గొణిగితే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "నాకు వినిపించాలి, నీకూ వినిపించాలి. గట్టిగా" అంటుంది. మధ్యలో ఆపి ప్రశ్నలు కూడా వేస్తుంది. అంతా అయ్యాక రిజిస్టరులో ఆ పేరు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి, రసీదు మీద ముద్ర కొట్టి నా దగ్గరికి పంపుతుంది.

నేను పక్క కౌంటర్లో ఫీజులు చూసేవాణ్ణి. ఆవిడ ముద్ర పడితే గానీ నా దగ్గర పని మొదలు కాదు. అంటే ఆవిడ లైను నత్తనడక నడిస్తే నా లైను మెట్లు దిగి గేటు దాకా పోతుంది. తిట్లు మాత్రం నాకే. నాకసలే ముక్కు మీద కోపం. రోజూ ఆవిడతో ఏదో ఒకటి అంటూనే ఉండేవాణ్ణి.

"మేడమ్, వీళ్లు కాలేజీ పిల్లలు. చదవడం వచ్చు."

"వచ్చు. చదవరు."

"చదవకపోతే వాళ్ల ఖర్మ."

"ఖర్మ అని ఉత్తరం కొట్టి ఇవ్వలేను నాయనా. రద్దు అని కొట్టాలి."

ఆ మాట వెనక ఒక సంగతి ఉంది. ఆవిడ ఈ ఉద్యోగంలో టైపిస్టుగా చేరింది. మూడో ఏడాది నలుగురు విద్యార్థులకు ఒకే రోజున రద్దు ఉత్తరాలు టైపు చేసి, చేతికిచ్చే పని కూడా ఆవిడకే పడింది. ఒకరు హాజరు తక్కువైన వాళ్లు, ఒకరు వేరే చోట వచ్చిన సాయం సంగతి చెప్పని వాళ్లు. మిగిలిన ఇద్దరూ ఒకసారి వచ్చిన స్కాలర్‌షిప్పు దానంతటదే వస్తుందనుకుని రెండో ఏడు దరఖాస్తే పెట్టలేదు. నలుగురూ సంతకాలు పెట్టినవాళ్లే. అందులో ఒకడు ఉత్తరం అందుకుని, "ఇలాంటి రూలు ఉందని ఎక్కడ రాశారు మేడమ్?" అని అడిగాడట. అతని సంతకానికి వేలెడు పైన రాసి ఉంది. ఆవిడ చూపించలేకపోయింది. కౌంటర్ తన చేతికి వచ్చిన మొదటి రోజు నుంచే ఈ చదివించడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

నిజం చెప్పాలంటే వినడానికి సరదాగానే ఉండేది. వేరే చోట నుంచి సాయం అందితే పదిహేను రోజుల్లో తెలియజేయాలి అనేది అయిదో రూలు. అది చదివి ఒక కుర్రాడు, "మా అమ్మమ్మ పుట్టినరోజుకి డబ్బులిస్తుంది మేడమ్, అదీ చెప్పాలా?" అన్నాడు.

"ఏటా ఇస్తానని కాగితం రాసిచ్చిందా?"

"లేదు మేడమ్."

"అయితే చెప్పక్కర్లేదు. మీ అమ్మమ్మకి మాత్రం చెప్పు, ఆఫీసు ఒప్పుకుందని."

మూడో రూలు దగ్గర మాత్రం నవ్వేది కాదు. టర్ముకు నాలుగు సబ్జెక్టులకు తగ్గకూడదు, ఏదైనా వదులుకోవాలంటే ఫారం నింపడానికి ముందే స్కాలర్‌షిప్పు సెక్షన్‌కు రావాలి అని ఉంటుంది అందులో. దాన్ని రెండుసార్లు చదివించేది.

ఆవిడ, ఆవిడ చెల్లెలు ఒకే ఇంట్లో ఉండేవారు. చెల్లెలు ఒక కళ్లజోళ్ల షాపులో పని చేసేది. నేనూ మా ఆవిడా ఒకసారి వెళ్లాం. రెండు గదులు, కిటికీలో మూడు కుండీలు, గోడకు చెల్లెలి షాపువాళ్లిచ్చిన క్యాలెండరు. "మా అక్క గ్యాస్ పొయ్యి కొన్నప్పుడు కూడా దాంతో వచ్చిన పుస్తకం నాకు చదివి వినిపించాకే వెలిగించనిచ్చింది" అని చెల్లెలు చెబితే మా ఆవిడ నవ్వలేక చచ్చింది. ఇంటికొస్తూ దారిలో మా ఆవిడ, "ఆవిడ మంచిదండీ, మీరు ఊరికే సతాయించకండి" అంది. నేను విన్నానా, లేదు.

రెండేళ్ల కింద సంతకాల ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికి కౌంటర్ మూస్తారు, ఆ తర్వాత ఎవరి సంతకమూ తీసుకోరు. లైను మెట్ల దాకా ఉంది. అప్పుడు రెండో ఏడు సైన్సు చదువుతున్న ఒక అమ్మాయి వంతు వచ్చింది. సన్నగా, మెడకు స్కార్ఫు చుట్టుకుని ఉంది. మొదటి ఏడు సొంత డబ్బుతో చదివి, మార్కులు చూపించి ఈ ఏడే స్కాలర్‌షిప్పు తెచ్చుకుంది. తండ్రి బస్సు డ్రైవరు. ఈ సాయం లేకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుందని దరఖాస్తు చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

మేడమ్ కాగితం ముందుకు జరిపి "గట్టిగా" అంది. ఆ అమ్మాయి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. చేత్తో గొంతు చూపించి, దండం పెట్టినట్టు నిలబడింది.

"సరే, నేను చదువుతా, నువ్వు విను" అని మేడమ్ కళ్లజోడు సర్దుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా ముందు ఒకాయన అప్పటికే నా మీద కేకలేస్తున్నాడు. నేను అద్దం పక్కనుంచి తల బయటికి పెట్టి అన్నాను: "మేడమ్, మీకు దండం పెడతా. ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. ఆ అమ్మాయికి పోయింది గొంతు, కళ్లు కాదు. ఇంటికెళ్లి చదువుకుంటుంది. టిక్కు పెట్టి పంపించండి. వీళ్ల గడువు కూడా ఈ రోజే."

ఆవిడ లైను వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇంటికెళ్లి తప్పకుండా చదువుతావా?" అని అడిగింది. ఆ అమ్మాయి తల ఊపింది. మేడమ్ టిక్కు పెట్టింది. నాలుగింటికల్లా రెండు లైన్లూ ఖాళీ అయ్యాయి. నేను హాయిగా టీ తాగాను.

రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఈసారి గొంతు ఉంది గానీ మాట తడబడుతోంది. కెమిస్ట్రీ కష్టంగా ఉందని, వచ్చే టర్ములో తీసుకుందామని, డిపార్టుమెంటులో ఫారం నింపి ఆ సబ్జెక్టు వదిలేసింది. లెక్చరర్ గారు సంతకం పెట్టారు. ఆయనకు ఈ రూళ్లతో పని లేదు. నాలుగు సబ్జెక్టులు మూడయ్యాయి. స్కాలర్‌షిప్పు రద్దు, ఇచ్చింది వెనక్కి కట్టాలి అని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేసింది.

"నాకు తెలీదు మేడమ్. ఎవరూ చెప్పలేదు."

"కాగితం ఇంటికి తీసుకెళ్లావు కదమ్మా, చదవలేదా?"

"మూడు రోజులు జ్వరం మేడమ్. తర్వాత మర్చిపోయాను." ఏడుపు ఆపుకోవడానికి పై పెదవి కొరుక్కుంటోంది. "మా నాన్నకి ఇంకా చెప్పలేదు."

మేడమ్ రిజిస్టరు తెరిచింది. ఎర్ర టిక్కు అక్కడే ఉంది. నేను ఇవతల నుంచి చూశాను. అయినా ఫీజు తీసుకోవడం ఆపలేదు.

దారి ఒకటే ఉంది. రూళ్లు తెలియజెప్పడంలో కాలేజీ తప్పు ఉంటే, కమిటీ ఒకసారికి మన్నించి సబ్జెక్టులో తిరిగి చేర్చుకోవచ్చు. కెమిస్ట్రీ లెక్చరర్ గారు కూడా శుక్రవారంలోగా అయితే తీసుకుంటానన్నారు. కాబట్టి మొత్తం వ్యవహారం ఒక్క ప్రశ్న మీద నిలబడింది. ఆ అమ్మాయికి రూళ్లు చెప్పారా, లేదా? చెప్పారని టిక్కు చెబుతోంది. అప్పీలు కాగితం మేడమే దగ్గరుండి రాయించింది.

గురువారం ఉదయం ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చున్నాం. ప్రిన్సిపాల్ గారు, అకౌంట్స్ ఆఫీసరు, ఒక సీనియర్ లెక్చరర్, వీళ్లు ముగ్గురూ కమిటీ. ఎదురుగా ఆ అమ్మాయి. గోడ పక్కన మేడమ్, నేను. పక్క కౌంటర్ వాణ్ణి కాబట్టి నన్నూ పిలిపించారు. బల్ల మీద రిజిస్టరు.

"ఆ రోజు నాకు గొంతు లేదు సార్. చదవలేదు" అంది ఆ అమ్మాయి.

అకౌంట్స్ ఆఫీసరు రిజిస్టరు మీద వేలు పెట్టాడు. "టిక్కు ఉంది కదమ్మా. ఈవిడ చదివించకుండా టిక్కు పెట్టదని కాలేజీ అంతటికీ తెలుసు. ఇరవై రెండేళ్లలో ఈ రిజిస్టరులో ఒక్క తప్పు దొరకలేదు. మేము దేన్ని నమ్మాలి?" తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు పక్కనే ఉంటారుగా. మీరేమైనా చూశారా?"

చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను నీళ్లు నమిలాను. "ఆఖరి రోజు కదండీ, రద్దీ. నేను గమనించలేదు."

ఆ తర్వాత గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేడమ్ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. పాపం, ఇన్నేళ్ల మంచి పేరు కదా, దాన్ని వదులుకోలేక లోపల కొట్టుకుంటోంది అనుకున్నాను. ఆ అమ్మాయి ఆవిడ వైపే చూస్తోంది. గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది.

"ఆ టిక్కు తప్పండి" అంది మేడమ్ చివరికి. "ఆ అమ్మాయి చదవలేదు. నేనూ చదివి వినిపించలేదు. ఊరికే పెట్టాను."

"ఎందుకు పెట్టారు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"లైను పెద్దదిగా ఉంది. తొందరపడ్డాను."

"ఎవరైనా తొందర పెట్టారా?"

"పెన్ను నా చేతిలోదండీ."

శుక్రవారానికల్లా ఆ అమ్మాయి కెమిస్ట్రీలో తిరిగి చేరింది. స్కాలర్‌షిప్పు నిలబడింది. నెలకోసారి వచ్చి హాజరు చూపించాలని షరతు పెట్టారు. ఆ పిల్ల ఒక్క నెల కూడా తప్పలేదు. గట్టిగా మేడమ్‌కు మెమో ఇచ్చారు. అంతటితో వదిలేస్తే బాగుండేది. ఒక టిక్కు తప్పైతే మిగతావాటి మాటేమిటి అని అకౌంట్స్ ఆఫీసరు పట్టుబట్టి ఆవిడను కౌంటర్ నుంచి తీసేసి, కింద పాత ఫైళ్ల గదిలో వేశాడు. ఆ కౌంటర్లో కంప్యూటర్ పెట్టారు. పిల్లలు తెర మీద "చదివాను, అంగీకరిస్తున్నాను" అనే గడి నొక్కుతారు. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా పట్టదు.

నా లైను ఇప్పుడు పరుగు పెడుతుంది. నేను కోరుకున్నదే అయినా నా కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు. మా ఆవిడకు జరిగింది చెబితే, ఆ రోజు అన్నం పెట్టి నాతో మాట్లాడలేదు.

రెండు నెలలు అలా గడిచాక ఒక కాగితం రాశాను. ఆ రోజు టిక్కు పెట్టమని బలవంతం చేసింది నేనేనని, కమిటీ ముందు అబద్ధం చెప్పానని, సంతకం పెట్టి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, "ఇప్పుడెందుకండీ ఇది, ఆ పిల్ల పని అయిపోయిందిగా" అని ఫైల్లో పెట్టుకున్నారు. ఆవిడను పైకి తెస్తారా అని అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నారు.

ఆ కాగితం నకలు పట్టుకుని కిందికి వెళ్లాను. మేడమ్ నిచ్చెన పీట మీద కూర్చుని కట్టలకు కొత్త తాళ్లు కడుతోంది. నకలు ఇచ్చాను. దాచడం ఎందుకు, ఆవిడ మెచ్చుకుంటుందని ఆశ కూడా ఉంది నాకు. ఆవిడ చివరిదాకా చదివి మడిచి నా చేతిలో పెట్టింది.

"బాగా రాశావు."

"మీరు నా పేరు ఎందుకు చెప్పలేదు మేడమ్?"

"నీ మాట నువ్వే చెప్పాలి కదా నాయనా. గమనించలేదన్నావు చూడు, ఆ తర్వాత నేను కాసేపు మాట్లాడలేదు. గుర్తుందా?"

"గుర్తుంది. రిజిస్టరు గురించి ఆలోచిస్తున్నారనుకున్నా."

"రిజిస్టరు సంగతి ముందు రోజే తేల్చుకున్నా. నువ్వు మళ్లీ నోరు విప్పుతావేమోనని ఆగాను" అని, ఇంకో కట్ట అందుకుంది.

ఆవిడ నాకోసం ఆగిన ఆ కాసేపూ నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.