రెండో తన్ను

మా కాలేజీ కబడ్డీ జట్టు పుదుచ్చేరి ఊళ్ళో లీగ్‌ వదిలేసి, కడలూరు, విల్లుపురం కాలేజీలు ఆడే పెద్ద లీగ్‌లోకి మారాలా వద్దా అని గొడవ నడిచిన ఏడాది నేను మా కెప్టెన్‌ దవడ విరగ్గొట్టాను.

అతను నాకంటే ఒక ఏడాది సీనియర్. తరతరాలుగా కోసపాళయంలో ఉంటున్న తెలుగు కుటుంబం వాళ్ళది. పొద్దున్నే నాన్నతో కలిసి లేత్ పని చేసి, ఆ నూనె చేతులతోనే కాలేజీకి వచ్చేవాడు. యానాం నుంచి వచ్చి హాస్టల్లో దిగిన నన్ను తెలుగులో పలకరించిన మొదటి మనిషి అతనే.

ఊళ్ళో లీగ్‌ మోటుగా ఉండేది. ముదలియార్‌పేట మైదానంలో ఆడిన రోజు ముగ్గురు కావాలనే మా జట్టులో ఒకడి మోకాలి మీద పడ్డారు. కీలు తప్పిన చప్పుడు నాకు వినపడింది. ఇక అక్కడ ఆట లేదు. కుర్చీలు విసురుకున్నారు. నేను ఒకణ్ణి కిందపడేసి ముఖం మట్టిలో అదిమిపెట్టాను. ఊపిరాడక వాడు కాళ్ళు కొట్టుకుంటుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఆటల మాస్టారు ఆ రోజే తీర్మానించుకున్నారు, లీగ్‌ మారాల్సిందేనని. అక్కడ మట్టి కాదు, మ్యాట్‌. డాక్టరు ఉంటాడు. పెద్ద జట్లకు ఆటగాళ్ళను ఏరేవాళ్ళు వస్తారు. నాకు కావలసింది అదే. కెప్టెన్ ఒప్పుకోలేదు. బయటి ఊళ్ళ ఆటలంటే రెండేసి రోజులు పోతాయి, పని చేసుకుంటూ చదివే సగం జట్టు ఇంట్లోనే ఉండిపోతుందన్నాడు. మర్నాడు సాయంత్రం ప్రాక్టీసులో మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది.

"నీకేంది తంబి, యానాంలో ఇల్లుండాది, సదువైతే పోతావు. మాకు ఈడ్నే ఆడాల, ఈడ్నే బతకాల," అన్నాడు.

నేను కూతకు వెళ్ళాను. అతను వంగి నా చీలమండ దొరకబుచ్చుకున్నాడు. విడిపించుకోవడానికి తన్నాను. పట్టు వదిలేశాడు. అయినా మళ్ళీ తన్నాను. మడమ కింద ఎముక విరగడం తెలిసింది. ఏదో అనబోయి నోరు తెరిచాడు, రక్తంతో పాటు రెండు పళ్ళు మట్టిలో పడ్డాయి.

ఆసుపత్రిలో దవడకు తీగలు కట్టారు. వరండాలో మాస్టారు నా భుజం మీద చేయి వేసి, దెబ్బ ముదలియార్‌పేటలో తగిలిందని కాలేజీ విచారణ కమిటీకి చెప్పమన్నారు. అలా అయితే లీగ్‌ మారడానికి ప్రిన్సిపాల్ తప్పక ఒప్పుకుంటారట. మిగతా వాళ్ళతో తను మాట్లాడతానన్నారు. నేను సరేనన్నాను.

కమిటీ గదిలోకి వెళ్ళేసరికి కెప్టెన్ వాళ్ళ నాన్న పని బట్టలతోనే వచ్చి ఒక మూల కూర్చుని ఉన్నాడు. ప్రిన్సిపాల్ నన్ను లేవమన్నప్పుడు ఆయన నా ముఖం వైపు కాదు, నా కాళ్ళ వైపు చూశాడు. నా నోట అబద్ధం రాలేదు.

"నేనే తన్నాను సార్. మొదటిది ఆటలో తగిలింది. రెండోది కావాలనే," అన్నాను.

నన్ను ఏడాది పాటు జట్టులోంచి తీసేశారు. లీగ్‌ మాట ఆ ఏడాదికి ఆగిపోయింది. మాస్టారు నాతో మాట్లాడటం మానేశారు.

వారం తర్వాత కోసపాళయం వెళ్ళాను. తలుపు తీసింది అతనే. ఏదో చెప్పబోయాను. పిడికిలి బిగించి నా నోటి మీద గుద్దాడు. గుమ్మంలోనే కూలబడ్డాను. మళ్ళీ చేయి ఎత్తాడు. నేను అడ్డు పెట్టుకోలేదు. వాళ్ళమ్మ వచ్చి ఆ చేయి పట్టుకుంది.

"సాలు నాయనా. వాడికీ తగిలింది, నీకూ తగిలింది. లోపలికి రాండి," అంది.

ఆమె గంజి వార్చి తెచ్చింది. అతను తీగల సందులోంచి గొట్టంతో పీల్చాడు, నేను చిట్లిన పెదవితో తాగాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అతని చదువు పూర్తయిన మరుసటి ఏడాది మా కాలేజీ పెద్ద లీగ్‌లోకి మారింది. ఆ జట్టులో పొద్దున పనికి వెళ్ళే కుర్రాళ్ళు ఎవరూ లేరు.