గోలీల కోసం చేసిన ప్రార్థన

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ప్రమీలమ్మను జనం ప్రార్థన సిస్టర్ అనుకుంటారు. నిజానికి హెచ్ఐవీ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, మందులు వేళకు వేసుకుంటున్నారో లేదో చూడటం ఆమె ఉద్యోగం. ఆ మాట చెప్పి ఎవరి గడపా తొక్కలేం కదా! అందుకే చేతిలో బైబిలు. ఆమెకూ అదే జబ్బు. ఆ సంగతి తాను చూసే రోగులకు తప్ప ఎవరికీ చెప్పలేదు. భర్త పోయాక, జబ్బు సంగతి తెలిసిన అత్తింటివాళ్లు ఆమె పళ్లెం, గ్లాసు వేరు చేశారు. అప్పటినుంచి మొయినాబాద్‌లో కిరాయి గదిలో ఒక్కతే ఉంటోంది.

నిరుడు విదేశీ నిధులు ఆగిపోయి ఆమె పనిచేసే సంస్థ మూతపడింది. మందులు సర్కారు దవాఖానలో ఇప్పటికీ ఉచితమే. ఏం లాభం? అడిగే మనిషి లేకపోతే గోలీ డబ్బాలోనే ఉంటుంది. ఈ ముక్క డబ్బు ఆపిన పెద్దలకు ఎవరు చెప్పాలి? ప్రమీలమ్మ ఇప్పుడు ఓ కాలేజీ హాస్టల్లో కూరగాయలు తరుగుతోంది. రోజంతా ఆమెను పలకరించేవాళ్లు ఉండరు.

ఓ ఆదివారం సురంగల్ నుంచి జెన్నీ ఫోన్ చేసింది. ఆమె మామ మోషే ప్రమీలమ్మ చూసిన రోగుల్లో ఒకడు. ఆయన వేసుకునేవి షుగరు గోలీలని ఇంట్లో అందరి నమ్మకం.

"సిస్టర్, మీ ప్రార్థనతోటి మామకు మొత్తం నయమైందంట. రెండు నెలల సంది గోలీలు బంద్ చేసిండు. ఇయ్యాల ఇంటికాడ కృతజ్ఞత కూడిక పెట్టినం, మీరు రావాలె."

తన వేషమే ఆ ముసలాయన ప్రాణం మీదికి తెచ్చింది. ప్రమీలమ్మ వెంటనే ఆటో ఎక్కింది.

ఇంటినిండా చుట్టాలు. మోషేను పక్కకు పిలిచి గోలీల సంగతి ఎత్తబోయింది.

"నీ ప్రార్థన మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడాయన.

అందరిముందూ నిజం చెబితే ఆయన పరువు పోతుంది, ఊరుకుంటే మనిషే పోతాడు. ఆమె ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, అందరికీ వినపడేలా ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, గోలీలు గూడ నువ్విచ్చినవే. అవి బంద్ చేసి ఈయన తప్పు చేసిండు. జబ్బు పోలే, పండుకున్నది అంతే. రేపే దవాఖానకు పోయేటట్టు బుద్ధి ఇయ్యి. మొండికేస్తే రెండు చెంపలు వాయించు తండ్రీ!"

చుట్టాలు కిసుక్కున నవ్వారు. మోషే నవ్వలేదు. "ఆమెన్. రేపు పోత" అన్నాడు.

గేటు దాకా ఆయనొక్కడే వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి నువ్వు మింగుతున్నవా బిడ్డా? నిన్నెవరు అడుగుతున్నరు?"

"మింగుతున్న బాపు" అంది. రెండో ప్రశ్నకు మొహం తిప్పుకుని గబగబా నడిచింది. బస్టాపులో దుఃఖం ఆగక, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.